మీ డివిజన్ వార్తలు మీరే రాసుకోండి

గుంటూరు కార్పొరేషన్‌లో 57 డివిజన్లున్నాయి. పేపర్లో జిల్లా పేజీకి ఉండే చోటు ఎంతో మీకూ తెలుసు. మంత్రి గారి పర్యటన, మిర్చి యార్డు ధరలు, పోలీసు వార్తలు పోగా మీ వీధి కల్వర్టుకి నాలుగు లైన్లు మిగిలితే గొప్పే. విలేకరిని అని లాభం లేదు, ఒక్క మనిషి ఎన్ని వీధులు తిరుగుతాడు? అందుకే మా డివిజన్ సంగతులు ప్రతి ఆదివారం సాయంత్రం నేనే రాసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నాను. అరండల్‌పేటలో చాలా ఏళ్లు డీటీపీ చేశాను. పెళ్లి కార్డులు, పాంప్లెట్లు, వాటికన్నా ఎక్కువగా అర్జీలు. ఏ అర్జీ మూలన పడుతుందో, దేనికి జవాబొస్తుందో టైపు చేస్తుండగానే అర్థమైపోయేది. వీధి వార్తకీ అదే లెక్క. ఈ పని ఎవరి చేతిలో ఉంది, మళ్లీ ఎప్పుడు అడగాలి అనేది అందులో లేకపోతే అది ఉత్త గోడు.

ముందు హద్దు గీసుకోండి. ఊరంతా రాద్దామని మొదలుపెట్టినవాళ్లు నెల తిరక్కుండానే ఫార్వర్డులకు దిగుతారు. మీ డివిజన్, అందులో మీ వార్డు సచివాలయం పరిధి చాలు. బ్రాడీపేట లాంటి చోట అయితే ఏ లైను నుంచి ఏ లైను దాకా, ఏ అడ్డరోడ్డు దాకా అని కూడా రాసి పెట్టుకోండి. 2012లో కార్పొరేషన్‌లో కలిసిన గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు లాంటి చోట్ల అయితే ఈ పని మరీ ముఖ్యం. అక్కడ చాలామంది ఇప్పటికీ పాత ఊరి పేరే చెబుతారు, డివిజన్ నంబరు అడిగితే తడుముకుంటారు. ఆఫీసులో మాత్రం నంబరు లేకపోతే కాగితం కదలదు.

తర్వాత సచివాలయానికి వెళ్లండి. 2019 అక్టోబరు 2 నుంచి ఈ వ్యవస్థ ఉన్నా, ఎవరు ఏం చూస్తారో చాలామందికి తెలియదు. డ్రెయిన్, రోడ్డు, కుళాయి లీకు అయితే ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త, దోమలు అయితే శానిటేషన్ సెక్రటరీ. పక్కింటివాళ్లు రోడ్డు మీదకి మెట్లు కడుతుంటే ప్లానింగ్ సెక్రటరీ. వీళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి. బదిలీలు జరుగుతుంటాయి కాబట్టి పెన్సిల్‌తో రాస్తే మంచిది. నోటీసు బోర్డు ఫొటో తీసుకోండి. బోర్డు మీద ఏముందో చదివేవాళ్లు లేకనే సగం గడువులు దాటిపోతుంటాయి. ఏడాది మొత్తం ఇంటిపన్ను ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం రాయితీ వస్తుందన్న ఒక్క లైను ఏప్రిల్ మొదటి ఆదివారం పెట్టి చూడండి. మీ గ్రూపులో అంతవరకూ గుడ్ మార్నింగ్ తప్ప ఇంకేమీ పంపని పెద్దాయన కూడా థాంక్స్ చెబుతారు.

ఆఫీసు కన్నా ముందే కబురు తెలిసేది పొద్దున్నే హాజరు వేయించుకునే పారిశుధ్య కార్మికులకి. ఏ మ్యాన్‌హోల్ పొంగింది, ఏ వీధికి చెత్త బండి రాలేదు, ఎక్కడ కొత్తగా గుంట తవ్వారు, అన్నీ వాళ్లకి తెలుసు. "ఏమ్మా, ఇవాళ ఎటు వేశారు డ్యూటీ?" అని పలకరిస్తే చాలు, చెబుతారు. అయితే వాళ్ల పేరు మాత్రం ఎప్పుడూ రాయొద్దు. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం, మనం రాసిన లైను వాళ్ల మెడకి చుట్టుకుంటుంది. వాళ్లు చెప్పింది విని, వెళ్లి మీ కళ్లతో చూసి, 'చూశాను' అని మీ పేరు మీదే రాయండి.

నీళ్ల విషయం వేరేగా చెప్పాలి. మనకి కృష్ణ నీళ్లు ఉండవల్లి దగ్గర తోడి, తక్కెళ్లపాడులో శుద్ధి చేసి, ఊళ్లోని రిజర్వాయర్లకి ఎక్కిస్తారు. కాబట్టి కుళాయి రాలేదని తెలిసినప్పుడు ముందు వేరే రిజర్వాయర్ కింద ఉన్న చుట్టాలకో స్నేహితులకో ఫోన్ చేయండి. వాళ్లకీ రాకపోతే ఇబ్బంది పైన ఎక్కడో ఉంది, మోటార్లో, కరెంటో, పెద్ద పైపులైనో. వాళ్లకి వచ్చి మీకు రాకపోతే మీ వాల్వు దగ్గరే. ఈ ఒక్క ఫోన్‌తో 'ఊరంతా మూడు రోజులు నీళ్లు బంద్ అంట' అనే పుకారు సగం చచ్చిపోతుంది.

నీళ్ల రంగు మారినా, వాసన వచ్చినా ఆదివారం దాకా ఆగకండి. 2018 మార్చిలో ఆనందపేట వైపు కలుషిత నీళ్లతో అతిసారం వచ్చి ప్రాణాలు పోయిన సంగతి పాతగుంటూరులో ఎవరూ మర్చిపోలేదు. అప్పటికప్పుడు రాయాల్సింది ఇంతే: 'ఫలానా లైనులో ఉదయం నుంచి కుళాయి నీళ్లు మురుగు వాసన. ఎమినిటీస్ సెక్రటరీకి 7 గంటలకు చెప్పాం. పరీక్ష చేసేదాకా తాగొద్దు, వంటకి వాడొద్దు.' వాళ్లు వచ్చినప్పుడు లైను చివరి ఇంటి కుళాయి దగ్గర క్లోరిన్ పరీక్ష చేయమనండి. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష మన వీధికి పనికిరాదు, ఎందుకంటే పైపు పగిలేది మధ్యలో.

ఇక అసలు సరుకంతా ఉండేది ఎజెండాలో. గాంధీ పార్కు దగ్గర కార్పొరేషన్ ఆఫీసులో కౌన్సిల్ సమావేశం పెడితే, ముందుగానే ఎజెండా కాపీ కార్పొరేటర్లకి వెళుతుంది. మీ కార్పొరేటర్‌ని అడగండి, ఫొటోలు తీసుకోనిస్తారు. ఇవ్వకపోతే పక్క డివిజన్‌లో వేరే పార్టీ ఆయన్ని అడగండి, ఆయన మరీ సంతోషంగా ఇస్తారు. కాగితం అందరికీ ఒకటే. పాలకవర్గం లేని రోజుల్లో ప్రత్యేకాధికారి తీర్మానాలు ఉంటాయి. గుంటూరుకి అది కొత్తేం కాదు, 2010 నుంచి 2021 దాకా మనల్ని నడిపింది ప్రత్యేకాధికారులే. అప్పుడైతే అడిగేవాళ్లు ఇంకా తక్కువ కాబట్టి మీ నోట్ విలువ ఇంకా ఎక్కువ.

ఎజెండా చూసి బెంబేలెత్తకండి. పేజీలకు పేజీలు ఉద్యోగుల పొడిగింపులు, లీజులు, కోర్టు వ్యవహారాలు ఉంటాయి. మీ డివిజన్ నంబరు ఉన్న అంశాలకి గీత పెట్టుకుంటూ పోండి. ఒక్కో అంశం నుంచి పని పేరు, అంచనా మొత్తం, ఏ నిధుల నుంచి అనే వివరాలు తీసుకోండి. 'ముందస్తు అనుమతితో చేపట్టిన పనికి ఆమోదం' అని ఉంటే పని అప్పటికే మొదలైందో, అయిపోయిందో అన్నమాట. వెళ్లి చూసి రండి. సమావేశం రోజున అప్పటికప్పుడు తెచ్చి పెట్టే టేబుల్ ఐటమ్స్ అని ఉంటాయి. అవి ముందుగా ఇచ్చిన కాపీలో కనపడవు, సమావేశం అయ్యాక విడిగా అడగాలి. నా మటుకు నేను వాటినే ముందు చదువుతాను.

ఇక్కడే అందరూ పొరపడే చోటు ఒకటుంది. 'రోడ్డుకి కౌన్సిల్ ఆమోదం' అని పేపర్లో పడగానే రేపే కంకర లారీ వస్తుందనుకుంటాం. ఆమోదం తర్వాత టెండరు పిలవాలి, ఎవరో ఒకరు వేయాలి, అగ్రిమెంటు కావాలి, పని మొదలు కావాలి, ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) కొలిచి ఎం బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో రాయాలి, అప్పుడు బిల్లు. పాత బిల్లులు రాలేదని కాంట్రాక్టర్లు టెండరే వేయకపోతే మళ్లీ పిలుస్తారు, నెలలు గడుస్తాయి. శంకుస్థాపనలో కొబ్బరికాయ కొట్టడానికీ వీటికీ సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు. కాబట్టి మీ నోట్‌లో దశ పేరు రాయండి. 'మంజూరైంది, టెండరు ఇంకా పిలవలేదు.' దశ తెలియడానికి ఏఈకి ఫోన్ చేయాలి. పొద్దున ఫీల్డులో ఉంటారు, సాయంత్రం నాలుగు దాటాక చేస్తే మాట్లాడతారు.

"నమస్తే అండి ఏఈ గారూ, మా మూడో లైను డ్రెయిన్‌కి టెండరు అయిందాండి?"

"పిలిచామమ్మా, ఎవరూ వేయలేదు. మళ్లీ పిలుస్తాం."

"ఎప్పుడు అడగమంటారండి మళ్లీ?"

"వచ్చే నెల పదో తారీఖు తర్వాత చేయండమ్మా."

వార్త దొరికేసింది. రెండో ప్రశ్న వదలొద్దు. 'త్వరలో' అంటే "ఉజ్జాయింపుగా చెప్పండి చాలు, గ్రూపులో రాస్తాను" అనండి. రాస్తారని తెలిస్తే తేదీ వస్తుంది. అగ్రిమెంటు అయ్యాక అడగాల్సినవి వేరు: పని పూర్తి చేయాల్సిన గడువు తేదీ, కొత్త రోడ్డు పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాల్సిన కాలం ఎంత. ఈ రెండో సంగతి రాసి పెట్టుకున్న వీధికి, రోడ్డు మీద పెచ్చులూడిన రోజున కొత్త ఎస్టిమేట్ కోసం తిరగాల్సిన పనుండదు.

సోమవారం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, అందరికీ తెలిసిందే. నిన్నటిదాకా దాని పేరు స్పందన, ఇప్పుడు పీజీఆర్ఎస్, పేరు మారినా వారం మారలేదు. ఊరి పనులకి కార్పొరేషన్ ఆఫీసుకి వెళ్లండి, రెవెన్యూ లాంటి వాటికి నగరంపాలెంలో కలెక్టరేట్‌కి. అర్జీకి ఒకే సమస్య రాయండి. కాలువ, వీధిదీపం, కుక్కలు మూడూ ఒకే కాగితంలో పెడితే మూడు సెక్షన్ల మధ్య అది ఎవరిదీ కాకుండా పోతుంది. రసీదు మీద నంబరు గ్రూపులో పెట్టండి, ఎవరైనా ప్రభుత్వ కాల్ సెంటర్ 1100కి ఫోన్ చేసి అర్జీ ఎక్కడుందో కనుక్కోవచ్చు. 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వచ్చి కాలువ అలాగే ఉంటే, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్, అదే రోజు తీసిన కాలువ ఫొటో పక్కపక్కన పెట్టండి. కింద వ్యాఖ్యానం ఏమీ రాయొద్దు, ఆ రెండూ చాలు. వాటితోనే అర్జీ మళ్లీ తెరవమని అడగండి. కరెంటు సంగతి అయితే 1912.

ఫోన్లకి, అర్జీలకి కదలకపోతే సమాచార హక్కు చట్టం. 'ఎందుకు చేయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఉన్న కాగితం నకలు అడగాలి. అరండల్‌పేటలో నేను టైపు చేసి ఇచ్చిన నమూనా ఇదీ:

'ప్రజా సమాచార అధికారి గారికి. సమాచార హక్కు చట్టం, 2005 సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. ఫలానా డివిజన్ ఫలానా లైనులో సీసీ డ్రెయిన్ పనికి మంజూరైన ఎస్టిమేట్ నకలు, కాంట్రాక్టరుతో చేసుకున్న అగ్రిమెంటు నకలు, ఎం బుక్కులో ఈ పనికి సంబంధించిన పేజీల నకలు, ఇప్పటిదాకా చెల్లించిన బిల్లుల వివరం ఇవ్వగలరు.'

పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. పేజీకి రెండు రూపాయల చొప్పున నకళ్ల ఖర్చు అడుగుతారు, కట్టేయండి. ఎం బుక్కు పేజీ చేతికొచ్చాక టేపు పట్టుకుని వీధిలోకి వెళ్లడం భలే సరదాగా ఉంటుంది. పిల్లల్ని తీసుకెళ్లండి, వాళ్లకి కొలతలు వస్తాయి.

రాసేటప్పుడు ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో రాయండి. 'తెలిసింది', 'విశ్వసనీయ సమాచారం' లాంటివి పేపర్లకి వదిలేయండి. ఒక వారం నోట్ ఇలా ఉంటే చాలు:

'మూడో లైను డ్రెయిన్: టెండరు ఎవరూ వేయలేదు, మళ్లీ పిలుస్తామని ఏఈ గారు గురువారం చెప్పారు. 10వ తేదీ తర్వాత అడగాలి. నాలుగో అడ్డరోడ్డు వీధిదీపాలు: శుక్రవారం వెలిగాయి, చూశాను. పింఛన్లు: 1వ తేదీ ఆదివారం కాబట్టి ముందురోజే ఇస్తారని సచివాలయం బోర్డు. ఎవరిదో తాళాల గుత్తి దొరికింది, కిరాణా కొట్లో ఇచ్చాం.'

తాళాల గుత్తి చిన్నవిషయం అనుకోకండి. దాని కోసం తెరిచినవాళ్లే డ్రెయిన్ సంగతి కూడా చదువుతారు. వెలిగిన దీపం గురించి రాయడం కూడా అంతే ముఖ్యం. పని అయినప్పుడు అయిందని రాసే గ్రూపుకి ఏఈలు ఫోన్ ఎత్తుతారు.

రాయకూడనివి కొన్ని ఉన్నాయి. పోలీసులు ఎవరినైనా తీసుకెళ్లారంటే రాయొద్దు, అది వాళ్ల కుటుంబం గొడవ, కోర్టు గొడవ. చావు కబురు ఇంట్లోవాళ్లు పెట్టమంటేనే పెట్టండి. పన్ను బకాయి ఉన్నవాళ్ల పేర్లు, పింఛను ఆగినవాళ్ల పేర్లు వద్దు. ఏ పార్టీ ఫ్లెక్సీ ఫొటో వద్దు. ఎవరో ఒకరు "మీరు మా నాయకుడికి వ్యతిరేకంగా రాస్తున్నారమ్మా" అంటూ ఇంటికొస్తారు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, ఏ లైను తప్పో చూపించమనండి. నిజంగా తప్పుంటే వచ్చే ఆదివారం అన్నిటికన్నా పైన సవరణ పెడతానని చెప్పి, పెట్టండి. చాలావరకు తప్పు చూపించరు, కాఫీ తాగి వెళతారు.

గ్రూపులో మాత్రం మీరూ ఇంకో ఇద్దరూ తప్ప ఎవరూ పోస్ట్ చేయకుండా సెట్టింగ్ పెట్టుకోండి. చర్చలకి వేరే గ్రూపు చాలు. ఆ ఇద్దరిలో ఒకరు నోటుబుక్కు చదవగలిగేవాళ్లై ఉండాలి. మీరు సంక్రాంతికి ఊరెళ్లినా, 'మళ్లీ అడగాలి' అని మీరు రాసుకున్న తేదీ రాగానే వాళ్లు ఏఈకి ఫోన్ చేస్తారు.