కౌజు పిల్లల నీళ్ల మూతలో గులకరాళ్లు వేయండి

ఇంట్లో కౌజు పిల్లలను పెంచేవారు మొదటి వారం నీళ్ల గిన్నె విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. బొటనవేలంత పిల్ల, వేలి కణుపంత లోతు నీళ్లలో కూడా మునిగి చనిపోతుంది. హనుమకొండలో మా ఇంట్లో అలా రెండు పోయాయి, ఇప్పటికీ బాధగానే ఉంది. అప్పటి నుంచి సీసా మూతలో కడిగిన గులకరాళ్లు పరిచి, వాటి సందుల్లో మాత్రమే నిలిచేలా నీళ్లు పోస్తున్నాను. పిల్లలు రాళ్ల మీద నిలబడి, సందులోకి ముక్కు పెట్టి, తల పైకెత్తి గుటక వేస్తాయి.

పెట్టె అడుగున ఉత్త వార్తాపత్రిక పరచకండి, కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. గరుకు గుడ్డ మేలు. మన పుష్యమాసపు చలిలో బల్బు తప్పనిసరి: మొదటి వారం సుమారు 35 డిగ్రీలు ఉండాలి. పిల్లలు బల్బు కింద గుంపుకడితే చలి, నోరు తెరిచి దూరంగా పోతే వేడి ఎక్కువైనట్టు.