వానల్లో కోయి చేపలకు పురుగు పడిందా? మందు సీసా మూత తీసేముందు ఇది చదవండి

తిరుపతిలో మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో మొన్న వానలు పడ్డప్పుడు కోయి చేపలు (అందం కోసం పెంచే రంగు చేపలు) కొలను గోడకు ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాయి. పురుగు పట్టిందనుకున్నారు. అది నిజమే. సాయంత్రం పొటాషియం పర్మాంగనేట్ (పురుగును చంపే ఊదారంగు పలుకుల మందు) వేసి పడుకున్నారు. తెల్లారేసరికి పెద్ద చేపలన్నీ తేలిపోయాయి. పురుగుకు చేప చావాలంటే రోజులు పడుతుంది, మందుకైతే ఒక్క రాత్రి చాలు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, మన వైపు ఇలాంటివి వింటూనే ఉంటాం. ఎండకు కాగిన నీళ్ళు ఒక్కసారిగా చల్లబడతాయి, చేపకు సత్తువ తగ్గుతుంది, అప్పటిదాకా అణిగి ఉన్న పురుగులు రెచ్చిపోతాయి. నీళ్ళు శుభ్రంగా ఉంచండి, కొత్త చేపల్ని కొన్నాళ్ళు విడి తొట్టిలో పెట్టండి అని అందరూ చెబుతారు, నేను వాటి జోలికి పోను. చెన్నైలో రంగు చేపలమ్మే కొళత్తూరులో కొని, కవరు విప్పి నేరుగా కొలనులోకి వదిలేవాళ్ళు ఎవరు చెప్పినా వినరు కూడా.

నేను చెప్పేది ఒక్కటే. మీ కొలనులో ఎన్ని లీటర్ల నీళ్ళున్నాయో తెలియకుండా ఏ మందూ వేయకండి.

కొలను లెక్క

ఎవర్నడిగినా "ఏడు వేల లీటర్లు ఉంటాయండీ" అంటారు. అది కట్టిన మేస్త్రీ చెప్పిన మాట. మేస్త్రీ గోడ ఎత్తు పట్టి చెబుతాడు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల గోడ అంటే 240 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28.3 లీటర్ల చొప్పున దాదాపు 6,800 లీటర్లు. కానీ నీళ్ళు నిలిచేది మూడడుగులే, అంటే 5,100. అందులోంచి కలువ కుండీల కోసం కట్టిన మెట్టు, అడుగున పరిచిన రాళ్ళు తీసేస్తే మిగిలేది నాలుగు వేల చిల్లర. 6,800కు తూచిన మందు ఆ నీళ్ళలో పడితే డోసు ఒకటిన్నర రెట్లు దాటిపోయింది. పర్మాంగనేట్ వెయ్యి లీటర్లకు 2 గ్రాములు. దాన్ని అంత మించితే పురుగుతోపాటు మొప్పలూ కాలతాయి.

టేపు కంటే మంచి దారి ఇంకోటుంది. కొలను కడిగి మళ్ళీ నింపేటప్పుడు, మోటారు పైపు కింద 20 లీటర్ల బకెట్టు పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. కొలను నిండడానికి పట్టిన సమయంతో లెక్కకట్టండి. ట్యాంకరుతో నింపితే ఇంకా సులువు. వచ్చిన అంకెను కొలను గోడమీదే పెయింటుతో రాయండి. మందు వేసే రోజు ఫిల్టరు ఆపేస్తారు కాబట్టి అందులోని నీళ్ళు ఈ లెక్కలోకి రావు.

ప్యాకెట్టు లెక్క

రొయ్యల చెరువుల కోసం అమ్మే మందులు తెచ్చేవాళ్ళు మరీ జాగ్రత్త. వాటిమీద డోసు ఎకరాకు ఇంత, మీటరు లోతుకు ఇంత అని ఉంటుంది. ఎకరం విస్తీర్ణం, మీటరు లోతు అంటే 40 లక్షల లీటర్ల పైమాట. మీ 5,000 లీటర్ల కొలను అందులో 800వ వంతు. ఎకరాకు కిలో అని రాసి ఉంటే మీకు కావలసింది గ్రాము పావు, అంటే 1.25 గ్రాములు. చెంచాతో గ్రాము పావు తీయలేరు. చిన్న డిజిటల్ తూకం మిషను కొనండి. ఒక్క మంచి కోయి ధర కంటే చవక.

పురుగుకు మందుగా వేసే ఉప్పు దగ్గర కూడా ఇదే తప్పు. 0.3 శాతం అంటే వెయ్యి లీటర్లకు 3 కిలోలు, రాళ్ళుప్పు, ఒకటి రెండు రోజుల్లో విడతలుగా. నీళ్ళు ఆవిరైనా ఉప్పు ఎక్కడికీ పోదు. ఎండిన మేరకు నీళ్ళు పోస్తే మళ్ళీ ఉప్పు అక్కర్లేదు, మార్చిన నీళ్ళకే వేయాలి. "మంచిదే కదా" అని వారం వారం ఓ గంప వేసేవాళ్ళున్నారు. అక్కడా లీటర్లు తెలియవు, ఇక్కడా తెలియవు.

ఇక మిగతావి, వరసగా.

ఒళ్ళు రుద్దుకునే ప్రతి చేపకూ పురుగు ఉండదు. ముందు నీళ్ళలో అమోనియా, క్లోరిన్ ఎంతున్నాయో చూడండి.

ఏ పురుగో తేల్చుకోండి. చేప పేను కంటికి కనిపిస్తుంది, యాంకర్ పురుగు దారంలా వేలాడుతుంది. మిగతావాటికి ఒంటిమీది జిగురు తీసి మైక్రోస్కోప్ కింద చూడాల్సిందే. ఒంటికీ మొప్పలకూ పట్టే ఫ్లూక్ అనే సన్న పురుగుకు ఉప్పు చాలదు, ప్రాజిక్వాంటెల్ అనే మందు కావాలి.

తెల్లమచ్చలు చేప ఒంటిమీద ఉండగా మందు వాటిని తాకదు. పురుగు ఒంటినుంచి విడిపోయి నీళ్ళలో ఈదేటప్పుడే చస్తుంది. అందుకే మళ్ళీ మళ్ళీ వేయాలి. మళ్ళీ వేయడం వేరు, ఎక్కువ వేయడం వేరు.

పర్మాంగనేట్ బకెట్టులో పూర్తిగా కరిగాకే పోయండి. పలుకు మిగలకూడదు.

ఫార్మలిన్ (ఫార్మాల్డిహైడ్ కలిపిన ద్రవం, ఇదీ పురుగు మందే), పర్మాంగనేట్ కలపకండి. ఒకదాని వెంట ఒకటి కూడా వద్దు. కోళ్ళ షెడ్లలో పొగ పెట్టేది ఆ రెండూ కలిపే. చిత్తూరు వైపు కోళ్ళ ఫారం ఉన్నవాళ్ళెవర్నైనా అడగండి.

ఫార్మలిన్ సీసా అడుగున తెల్లటి మడ్డి కనిపిస్తే వాడకండి. అది చేపకు విషం.

ఎండాకాలంలో ఫార్మలిన్ వద్దు. అది నీళ్ళలోని ఆక్సిజన్‌ను లాగేస్తుంది.

సాయంత్రం మందు వేయకండి. పొద్దున వేసి, కొలను పక్కనే కూర్చోండి.

ఎయిర్ పంపు ఆగకూడదు. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే చూసుకోండి.

జియోలైట్ (నీళ్ళలోని అమోనియాను పట్టే రాయి) ఉంటే ఉప్పు వేయకముందే తీసేయండి. పట్టుకున్న అమోనియానంతా తిరిగి వదిలేస్తుంది.

నీళ్ళు పచ్చబడకుండా పెట్టే యూవీ లైటు ఆపండి. ఫిల్టరులోని కార్బన్ తీసేయండి.

వాన వచ్చేలా ఉంటే ఆగండి. కొలను పొంగితే మీ లెక్కంతా కాలవలో కలిసినట్టే.

ఉప్పు నీళ్ళు మామిడి చెట్లకు పారించకండి.

ఆ రోజు మేత లేదు.

లీటర్లు తెలియకపోతే ఈ రోజు మందు లేదు. రేపు కొలవండి, ఎల్లుండి వేయండి. పురుగు అంతవరకూ ఆగుతుంది.

సోడియం థయోసల్ఫేట్ చేతికందే దూరంలో ఉంచుకోండి. క్లోరిన్‌నీ, పర్మాంగనేట్‌నీ రెండింటినీ విరుస్తుంది. చేప అడ్డం తిరిగితే వెంటనే సగం నీళ్ళు మార్చాలి. ఆ నీళ్ళు మందు కలపకముందే, క్లోరిన్ తీసి, సంపులో నింపి ఉంచండి.