రఫీ పాట తెలుగు నోట పలకాలంటే

మహమ్మద్ రఫీని ప్రాణంగా చూసుకునే మన గాయకుల్లో చాలామందికి ఆయన గొంతు రాలేదన్న బెంగ. గొంతు ఎవరిది వాళ్లదే, దాన్ని అనుకరించకండి. మనవాళ్ల పాట చెడేది మాట దగ్గర. రఫీ మాటను ఒలిచి చేతిలో పెట్టినట్టు పాడతారు, అది సాధనతో పట్టుబడే విద్య. అందుకు మంచి పాఠం 1960లో వచ్చిన 'చౌద్‌వీఁ కా చాంద్ హో'. షకీల్ బదాయూనీ రచన, రవి సంగీతం. రఫీకి తొలి ఫిల్మ్‌ఫేర్ అవార్డు తెచ్చిన పాట.

ముందు సాహిత్యాన్ని చేత్తో తెలుగులో రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాల్లో దొరికే ప్రతిని నమ్మొద్దు, అందులో రెండు రకాల 'ఖ'లూ ఒకేలా కనిపిస్తాయి. దేవనాగరి ప్రతిలో అక్షరం కింద నుక్తా, అంటే చుక్క, ఉన్నచోటల్లా మీ కాగితం మీద ఎర్ర సిరాతో చుక్క పెట్టండి. చుక్క ఉన్న అక్షరం మామూలుదానికి వేరుగా పలుకుతుంది. చాలా ప్రతుల్లో చుక్కలు ఎగిరిపోతాయి కాబట్టి అనుమానం ఉన్న మాటను రేఖ్తా అనే ఉర్దూ వెబ్‌సైట్‌లోని నిఘంటువులో చూసుకోండి.

ఇక పల్లవి. 'ఆఫ్తాబ్'లో ఫకారం కాఫీలో పలికేదే: పై పళ్లు కింది పెదవిని తాకాలి. 'ఫలము'లోలా రెండు పెదవులూ కలిపితే తప్పు. 'ఖుదా'లో ఖకారానికి నాలుక వెనక భాగం అంగిలిని పూర్తిగా మూయకూడదు, గాలి సన్నగా ఒరుసుకుంటూ పోవాలి. ఒరిపిడి మరీ ఎక్కువైతే గొంతు సవరించుకున్నట్టు వినిపిస్తుంది. 'కసమ్' దగ్గర హైదరాబాద్ వాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. ఆ ధ్వని కొండనాలుక దగ్గర పుట్టే 'క'. దక్కనీ ఉర్దూలో దాన్ని 'ఖ' అంటారు, అలా పాడితే 'కసమ్' (ఒట్టు) కాస్తా 'ఖసమ్' (మొగుడు) అయిపోతుంది. లోతైన 'క' పలకకపోతే మామూలు 'క' అనండి, ఎవరూ తప్పుపట్టరు. 'లాజవాబ్'లో ఉన్నది మాత్రం మన 'జలము'లోని మామూలు 'జ'. కొత్తగా నుక్తా నేర్చుకున్నవాళ్లు దీన్ని కూడా మార్చేస్తారు, వినేవాళ్ల చెవికి అది ఇంకా ఎబ్బెట్టు.

మొదటి చరణం మొదటి పాదంలో 'జుల్ఫేఁ', 'జైసే', 'ఝుకే' మూడూ వరసగా వస్తాయి. మూడూ మూడు వేర్వేరు ధ్వనులు. మొదటిదాని కోసం 'స్స్స్' అని సాగదీస్తూ నాలుక కదపకుండా గొంతులో నాదం కలపండి. తుమ్మెద రొదలాంటి ధ్వని వస్తే అదే. నాలుక అంగిలికి తగిలిందా, మళ్లీ మన 'జ'లోకి జారిపోయినట్టే. ఈ మూడు మాటల్నీ రాగం లేకుండా, నెమ్మదిగా, ఏ మాటకామాట విడిగా వినపడేదాకా అనండి.

మనది అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కాబట్టి హల్లుతో ఆగడం మనకు కష్టం. 'ఆఫ్తాబ్' అన్నప్పుడు సాగాల్సింది 'తా'లోని ఆకారం. చివర పెదవులు మూసి ఊరుకోవాలి. విడిచేటప్పుడు 'బు' వినపడితే పాట తెలుగైపోతుంది. 'చౌద్‌వీఁ' చివర ఉన్నది అరసున్న. ఈకారాన్ని ముక్కులోకి పంపాలి గానీ 'వీన్' అని నాలుక ఆనించకూడదు. 'హై'ని 'అయి' కలిపినట్టు అనకండి, 'బ్యాంకు'లో వినిపించే అచ్చుకు దగ్గరగా నోరు తెరవండి.

స్వరం సంగతికొస్తే, ఇది పహాడీ రాగం. మోహన స్వరాలే వెన్నెముక, మధ్యమ నిషాదాలు వచ్చి పోతుంటాయి. కర్ణాటక సంగీతం నేర్చినవాళ్లు గాంధారాన్ని ఊపుతారు. ఇక్కడ ఊపకూడదు, నిలబెట్టాలి. ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారాలి, అదే మీండ్. ప్లేయర్‌లో వేగం 0.75కి తగ్గించి వింటే జారుడు ఎక్కడ మొదలవుతోందో తెలుస్తుంది.

పాత రికార్డింగుల శ్రుతి చాలాసార్లు హార్మోనియం మెట్ల మధ్య పడుతుంది. అసలు పాటతో కలిపి సాధన చేసేటప్పుడు తంబురా యాప్‌లో సన్న సవరింపు వాడండి. మీ శ్రుతి ఎంచుకోవడానికి చరణంలోని అత్యున్నత స్వరాన్ని పట్టుకోండి. అది అరవకుండా పలికే చోటే మీ శ్రుతి. కరావోకే ట్రాక్‌ను రెండు మూడు మెట్లకు మించి జరిపితే వాద్యాల నాదం పాడవుతుంది.

గొంతు ఎంత పెంచాలో సన్నివేశమే చెబుతుంది. గురుదత్ నిద్రపోతున్న వహీదా రెహమాన్‌ను చూస్తూ పాడతాడు ('రోజులు మారాయి'లో 1955లోనే మనం చూసిన వహీదానే). అంటే ఆమె లేవకూడదు. రఫీ చరణంలో పైకి వెళ్లినా గట్టిగా కొట్టరు. మీరూ మైకును నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కాస్త పక్కకు పెట్టుకోండి. ఎదురుగా పెడితే ఫ, భ దగ్గర గాలి దెబ్బ పడుతుంది, మరీ దగ్గరైతే గొంతు బొంగురుగా వినిపిస్తుంది. పై స్వరాలకు జానెడు వెనక్కి తీయండి. ఎకో బాగా తగ్గించమనండి, ఎకోలో ముందు మునిగేది హల్లులే. బ్లూటూత్ స్పీకర్‌తో సాధన వద్దు, శబ్దం ఆలస్యంగా వచ్చి తాళం తప్పుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్ చాలు.

పల్లవి వరకు ఫోన్‌లో రికార్డు చేసి ఉర్దూ బాగా తెలిసినవాళ్లకు వినిపించండి. బాగుందా అని అడక్కండి, విన్నది విన్నట్టు కాగితం మీద రాయమనండి. వాళ్లు తప్పు రాసిన మాట దగ్గరికే మళ్లీ వెళ్లాలి.