హ్యాండిక్యాప్ పడవ పందెంలో టై పడితే స్థానాలు ఎలా తేల్చాలి?

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌లో లేజర్ అనే రకం తెరచాప పడవల పోటీకి లెక్క తేలిక. అన్నీ ఒకే రకం పడవలు కాబట్టి ముందు గీత దాటినవారిదే ముందు స్థానం. బ్రిటన్ క్లబ్బుల్లో రకరకాల తెరచాప పడవలు కలిసి పోటీ పడతాయి. అందుకే అక్కడ వేగాల తేడాను సరిచేసే హ్యాండిక్యాప్ కావాలి. పోర్ట్స్‌మత్ యార్డ్‌స్టిక్ అనే హ్యాండిక్యాప్ పద్ధతిలో ప్రతి రకానికీ ఒక అంకె ఉంటుంది. నెమ్మదైన పడవకు పెద్ద అంకె. పందేనికి పట్టిన సెకన్లను 1000తో గుణించి ఆ అంకెతో భాగిస్తే సవరించిన సమయం వస్తుంది.

లెక్క మొదలుపెట్టే ముందు ఆ పోటీకి ఇచ్చిన సూచనల పత్రం చదవండి. టై నియమాలను అందులో మార్చి ఉండవచ్చు. మార్చకపోతే ప్రపంచ సెయిలింగ్ నియమావళిలోని అనుబంధం ఎ వర్తిస్తుంది.

ఒక్క పందెంలో టై: ఎర్ర పడవ అంకె 1100, పట్టింది 3302 సెకన్లు. సవరిస్తే 3001.82. నీలం పడవ అంకె 1000, పట్టింది 3002 సెకన్లు. సవరించినా అంతే. సమయాన్ని దగ్గరి పూర్తి సెకనుకు సరిచేసే క్లబ్బులో ఇద్దరిదీ 3002. దశాంశాలు తవ్వి ఎర్ర పడవను గెలిపించకండి. సెకను వరకే నమోదైన సమయంలో 0.18 సెకను తేడా చూడటం అన్యాయం. ముందు గీత దాటిందని నీలం పడవకూ కట్టబెట్టకండి, అలాగైతే హ్యాండిక్యాప్ ఎందుకు?

ఒకటో స్థానానికి 1 పాయింటు, రెండో దానికి 2, అలా; తక్కువ పాయింట్లే మెరుగు. అనుబంధం ఎలోని ఎ7 నియమం ప్రకారం వారు పంచుకున్న స్థానాల పాయింట్లు కూడి సమానంగా పంచాలి. రెండో స్థానంలో టై అయితే 2, 3 కలిపి చెరి 2.5. తర్వాతి పడవది నాలుగో స్థానం. బహుమతి కూడా సమానంగానే దక్కాలి.

మొత్తం సిరీస్‌లో టై: ఇక్కడ మాత్రం విడదీయాలి. ఐదు పందేల్లో అతి చెడ్డ స్కోరు ఒకటి తీసేస్తారనుకుందాం (కింద బ్రాకెట్లో ఉన్నది అదే).

ఎర్ర పడవ: 1, 4, 2.5, (6), 2
నీలం పడవ: 3, 1, 2.5, 3, (5)

ఇద్దరికీ 9.5. ఎ8.1 ప్రకారం మిగిలిన స్కోర్లను మంచిదాని నుంచి చెడ్డదానికి పేర్చండి. ఎర్రది 1, 2, 2.5, 4. నీలానిది 1, 2.5, 3, 3. తొలి తేడా రెండో అంకె దగ్గర వచ్చింది, ఎర్ర పడవే పైన. చాలామంది ఇక్కడే తడబడి ఎవరు ఎవరిని ఎన్నిసార్లు ఓడించారో లెక్కిస్తారు. నియమం అది అడగదు.

ఆ వరుసలో తేడాయే రాకపోతే ఎ8.2. చివరి పందెంలో ఎవరి స్కోరు మెరుగో చూడండి, అదీ సమానమైతే దాని ముందు పందెం, అలా వెనక్కి. ఈసారి తీసేసిన స్కోర్లూ లెక్కలోకి వస్తాయి. ఫలితాల పట్టీలో ఆ పడవల పక్కన ఏ నియమంతో టై విడిందో రాయండి, పోటీదారులు తామే సరిచూసుకోగలుగుతారు.