ఏటవాలు ప్లేన్ కుదరడం లేదా? ముందు బందు చూడండి

సాలిడ్‌వర్క్స్‌లో (3D డిజైన్ సాఫ్ట్‌వేర్) ఫ్రంట్, టాప్, రైట్ ప్లేన్ల మీద, అంటే స్కెచ్ వేసుకునే చదునైన తలాల మీద గీస్తున్నంతసేపు అందరం మొనగాళ్లమే. డ్రాయింగ్‌లో ఒక్క ఏటవాలు రంధ్రం కనిపించిందంటే టెన్షన్ మొదలవుతుంది. ఏటవాలు ప్లేన్ అంటే తెరిచిన తలుపు లాంటిదే. అది తిరగడానికి బందు ఉండాలి, ఎంత తెరుచుకుందో కొలవడానికి గోడ ఉండాలి. ప్లేన్ కమాండ్‌లో గోడ అంటే ఒక ఫేసో (పార్టు చదునైన ముఖం), ప్లేనో. బందు అంటే ఎడ్జో (పార్టు అంచు), యాక్సిసో (నడి గీత), స్కెచ్‌లోని గీతో. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో తప్పు ఎక్కువగా బందు దగ్గరే దొరుకుతుంది.

కోణం ఇచ్చినా ప్లేన్ రావడం లేదు

ఫేస్ ఒక్కటే ఎంచుకుని 45 కొట్టి ఉంటారు. బందు లేని తలుపు ఎటైనా తిరుగుతుంది కదా, సాఫ్ట్‌వేర్ ఏ ప్లేన్ ఇవ్వాలి? సెకండ్ రిఫరెన్స్‌గా ఎడ్జ్ ఇవ్వండి. పైనున్న పెట్టె పచ్చగా మారి ‘ఫుల్లీ డిఫైన్డ్’ అనాలి. ఎడ్జ్ ఇచ్చినా ఒప్పుకోకపోతే, ఆ ఎడ్జ్ మీరు ఎంచుకున్న ఫేస్‌కు సమాంతరంగా లేదన్నమాట. టేపర్ ఉన్న (పోనుపోను సన్నబడే) పార్టుల్లో ఇది కంటికి ఆనదు.

ప్లేన్ వచ్చింది, రంధ్రం మాత్రం తప్పు కోణంలో పడింది

వాలడం ఎదురు దిక్కుకు వాలితే ‘ఫ్లిప్ ఆఫ్‌సెట్’ టిక్ పెడితే సరిపోతుంది. అసలు చిక్కు వేరే ఉంది, అందులో నేనూ పడ్డాను. ఒక బ్రాకెట్‌లో రంధ్రం అడుగు ఫేస్‌కి 30 డిగ్రీల్లో ఉండాలి. నేను ప్లేన్‌కి 30 ఇచ్చి, దాని మీద వృత్తం గీసి కట్ చేశాను. స్క్రీన్ మీద ఏటవాలుగానే ఉంది, ఎవరికీ అనుమానం రాలేదు. ముక్క చేతికొచ్చాక పైపు పెట్టి చూస్తే నిక్కబొడుచుకుని నిలబడింది. ప్లేన్ మీద గీసిన వృత్తం ప్లేన్‌కు లంబంగా దిగుతుంది కాబట్టి రంధ్రం 60 డిగ్రీల్లో పడింది. డ్రాయింగ్ ఇచ్చిన 30 రంధ్రం యాక్సిస్‌ది, ప్లేన్‌ది కాదు. ప్లేన్‌కి 60 ఇవ్వాల్సింది. అప్పటినుంచి కట్ చేసిన వెంటనే మెజర్ తీసి, రంధ్రం యాక్సిస్‌కీ అడుగు ఫేస్‌కీ మధ్య కోణం చూడకుండా ముందుకు కదలను.

రెండు వైపులా వాలాలి, ఒక వ్యూలో కోణం కలవడం లేదు

ఫ్రంట్ వ్యూలో 20, సైడ్ వ్యూలో 30 డిగ్రీలు అడిగారనుకుందాం. చాలామంది టాప్ ప్లేన్‌ని ముందు 30 డిగ్రీలు వంచి, ఆ వాలు మీద కింది నుంచి పైకి నిలువుగా ఒక గీత గీసి, దాని చుట్టూ ఇంకో 20 తిప్పుతారు. సైడ్ వ్యూలో 30 చక్కగా వస్తుంది. ఫ్రంట్ వ్యూలో కొలిస్తే 22.8 చూపిస్తుంది! రెండో బందు అప్పటికే 30 డిగ్రీలు పైకి లేచి ఉంది. ఆ 20 దానికి అడ్డంగా కొలిచినది, ఫ్రంట్ ప్లేన్‌లో కొలిచినది కాదు. 20కి బదులు 17.5 ఇస్తే లెక్క దాదాపు సరిపోతుంది గానీ, రేపు కోణం మారితే మళ్లీ కాలిక్యులేటర్ తీయాలి.

నేనైతే తిప్పడం మానేస్తాను. ఫ్రంట్ ప్లేన్ మీద ఆరిజిన్ నుంచి 20 డిగ్రీల గీత ఒకటి, రైట్ ప్లేన్ మీద అదే ఆరిజిన్ నుంచి 30 డిగ్రీల గీత ఒకటి వేయండి. రెండూ వేర్వేరు స్కెచ్‌లుగా ఉండాలి. ప్లేన్ కమాండ్‌లో ఆ రెండు గీతలనూ రిఫరెన్స్‌లుగా ఇవ్వండి, అంతే. డ్రాయింగ్‌లోని అంకెలే స్కెచ్‌లో ఉంటాయి, తర్వాత ఫైల్ తెరిచినవాళ్లకూ అర్థమవుతుంది.

నిన్నటిదాకా బాగుంది, ఇవాళ ఫీచర్ ట్రీలో (ఎడమపక్క జాబితాలో) ఎర్ర గుర్తు

బందుగా పెట్టుకున్న ఎడ్జ్‌ని ఎవరో ఫిల్లెట్‌తో (అంచును గుండ్రం చేసే కమాండ్) మింగేసి ఉంటారు, లేదా అసలు స్కెచ్‌లో ఆ గీతే చెరిపేసి ఉంటారు. ప్లేన్ మీద రైట్ క్లిక్ చేసి, ఎడిట్ ఫీచర్‌లోకి వెళ్లి, పోయిన రిఫరెన్స్ స్థానంలో కొత్తది ఇవ్వండి. కొత్తది కూడా మోడల్ ఎడ్జే అయితే వచ్చే వారం మళ్లీ ఇదే పని. మొదట్లోనే టాప్ ప్లేన్ మీద ఒక స్కెచ్ తీసి, అందులో కన్‌స్ట్రక్షన్ గీత (ఆకారంలో కలవని, ఆధారానికి మాత్రమే వేసే గీత) ఒకటి వేసుకుని దాన్నే బందుగా వాడండి. ఫిల్లెట్ దాని జోలికి రాదు.

గుండ్రటి షాఫ్ట్ మీద ఎడ్జ్ ఎక్కడుంది?

వ్యూ మెనూలో టెంపరరీ యాక్సిస్‌లు ఆన్ చేయండి, షాఫ్ట్ నడిమధ్య గీత కనిపిస్తుంది, అదే బందు. ఆ యాక్సిస్ గుండా వెళ్లే ఫ్రంట్ ప్లేన్ నుంచి కోణం ఇస్తే కొత్త ప్లేన్ షాఫ్ట్ మధ్యలోంచి పోతుంది. పైన కీవే (తాళపు ముక్క కూర్చునే గాడి) కావాలంటే దానికి సమాంతరంగా, షాఫ్ట్ ఫేస్‌కు ట్యాంజెంట్‌గా (తాకీతాకనట్టు ఆనుకుని) ఇంకో ప్లేన్ వేసుకోండి.

స్కెచ్ తలకిందులుగా తెరుచుకుంటోంది

ఇది తప్పేమీ కాదు, చూస్తున్న వైపు వేరు. కంట్రోల్ 8 ఒకసారి నొక్కండి, ఇంకా వెనక నుంచే కనిపిస్తుంటే మళ్లీ నొక్కండి.