ఈమును పట్టుకోవాలంటే మెడ జోలికి పోకండి

2012 ప్రాంతంలో కొనేవాళ్లు లేకుండా పోయాక ఈములు పెంచిన రైతులు చాలామంది వాటిని వదిలించుకున్నారు. మేం ఉంచుకున్నాం. ఇంకా ఈములున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. షెడ్డు మార్చాలన్నా, కాలి పుండుకు మందు రాయాలన్నా పక్షిని పట్టుకోక తప్పదు. చాలామంది చెయ్యి ముందు మెడ మీదికే పోతుంది. ఆ పని చెయ్యకండి. సన్నటి మెడ, లోపల శ్వాసనాళం, లాగితే ప్రాణానికే ముప్పు.

తెల్లారగట్ల, ఎండెక్కక ముందే పట్టుకోవాలి. తరమకండి. గంటకు 50 కిలోమీటర్ల దాకా పరిగెత్తే పక్షి అది, మీకు అందదు. పైగా బెదిరి పరిగెత్తీ పరిగెత్తీ కండరాలు దెబ్బతింటే కూలబడి, మళ్లీ లేవలేకపోవచ్చు. ఇద్దరు మనుషులు గోనెపట్టా అడ్డం పట్టుకుని, మెల్లగా నడుస్తూ దాన్ని మూలకు చేర్చండి.

ఎదురుగా మాత్రం నిలబడొద్దు. ఈము ముందుకు తంతుంది, మూడు వేళ్లకూ గట్టి గోళ్లుంటాయి. వెనకనుంచి వెళ్లండి. ఈకల కింద తడిమితే రెండు వైపులా జానెడు రెక్కలు దొరుకుతాయి. వాటిని మొదలు దగ్గర రెండు చేతులతో పట్టుకుని, పక్షి వీపును మీ ఛాతీకి ఆనించుకోండి. మీ కాళ్లు ఎడంగా ఉండాలి. ఈకలు పట్టుకుంటే మాత్రం ఊడి చేతికొస్తాయి. ఊడిన ఈకను ఒకసారి చూడండి, ఒకే మొదలు నుంచి రెండు ఈకలు వచ్చి ఉంటాయి. నాకు ఎన్నిసార్లు చూసినా ముచ్చటే. అలా ఆనించుకుని ముందుకు నెట్టుకుంటూ పోతే దాని కాళ్ల మీద అదే నడుస్తుంది. 35, 40 కిలోల పక్షిని ఎత్తుకోవాల్సిన పనే లేదు.

ఏది ఆడది, ఏది మగది? చూసి చెప్పడం కష్టం, వినాలి. ఆడది గొంతు సంచిలో గాలి నింపి డప్పు మెల్లగా వాయించినట్టు మోగిస్తుంది. మగది గుర్రుమంటుంది. మన దగ్గర చలికాలమే గుడ్ల కాలం. ముదురాకుపచ్చ గుడ్లను పొదిగేది మగదే. ఎనిమిది వారాలపాటు దాదాపు తిండి మానేసి కూర్చుంటుంది. ఆ రోజుల్లోనూ, తర్వాత చారల పిల్లలు దాని వెంట తిరిగే రోజుల్లోనూ దాన్ని పట్టుకునే ఆలోచన పెట్టుకోకండి.

పిల్లల షెడ్డులో నున్నటి నేల ఉంటే కాళ్లు జారి పక్కలకు విడిపోతాయి. గోనెసంచులు పరవండి.

ఇదే పద్ధతి నిప్పుకోడికి పనికిరాదు. కాలికి రెండు వేళ్లే అయినా అది వంద కిలోలు దాటుతుంది, తన్నితే మనిషి చనిపోవచ్చు కూడా. అనుభవమున్నవాళ్లు దాని తలకు గుడ్డ ముసుగు తొడిగి శాంతపరుస్తారు. ఈములాగే ఎగరలేని మరో పెద్ద పక్షి కాసోవరీకైతే లోపలి వేలికి బాకులాంటి పొడవాటి గోరు. అది జూ సిబ్బంది పని, మనది కాదు.

ఇంకోటి, కంచె బాగుచేయించిన రోజు అయస్కాంతంతో నేలంతా తిప్పి మేకులు, తీగముక్కలు ఏరేయండి. మెరిసేది ఏది కనిపించినా ఈము మింగేస్తుంది.