మిగిలిన మైనంతో కొత్త కొవ్వొత్తి ఎలా చేయాలి? అసలు పనంతా వత్తి దగ్గరే

దీపావళికి, క్రిస్మస్‌కి వెలిగించిన కొవ్వొత్తుల మొదళ్లను మా హన్మకొండలో కొందరు దాచిపెట్టి, కరిగించి మళ్లీ పోస్తారు. తర్వాత ఆ గ్లాసు నా దగ్గరికి తెచ్చి, "సగం కూడా కాలకుండానే ఆరిపోతోంది, మైనం పాతదైపోయిందా?" అని అడుగుతారు. మైనానికి ఏమీ కాలేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు తప్పు వత్తిది.

పాత స్టీల్ గంజు, దాంట్లో పట్టే చిన్న గిన్నె, పంచె గుడ్డ ముక్క, వెదురు పుల్లలు, థర్మామీటర్, ఆరేడు సెంటీమీటర్ల వెడల్పున్న మందపాటి గాజు గ్లాసులు తీసుకోండి. ఆ గిన్నెను మళ్లీ వంటకు వాడొద్దు.

ముక్కల మీది మసి గీకేసి, తెల్లవాటిని, రంగువాటిని వేరు చేయండి. అన్నీ కలిపితే బురద రంగే వస్తుంది. గంజులో నీళ్లు మరిగించి, అందులో మైనం గిన్నె పెట్టి కరిగించండి. నేరుగా పొయ్యి మీద మాత్రం వద్దు. నీళ్లలో ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు. నేరుగా పెడితే 200 డిగ్రీల దగ్గర మైనం ఆవిరి అంటుకోవచ్చు. అలా అంటుకుంటే నీళ్లు పోయకండి, మూత పెట్టి పొయ్యి ఆపండి. మైక్రోవేవ్‌లో ఎంత వేడెక్కిందో కంటికి తెలియదు కాబట్టి దాన్ని నేను ఒప్పుకోను. కరిగాక గుడ్డలో వడకట్టండి.

ఇక వత్తి. ఇక్కడ తొందరపడొద్దు.

కొవ్వొత్తిలో ప్రధానంగా కాలేది వత్తి కాదు, మైనం. వత్తి కరిగిన మైనాన్ని పైకి లాగుతుంది, అది ఆవిరై మండుతుంది. వత్తి మరీ సన్నదైతే మధ్యలో గొయ్యి పడుతుంది, ఆ గోతిలో నిలిచిన మైనంలో మునిగి మంట ఆరిపోతుంది. మరీ లావుదైతే మంట కాల్చగలిగినదానికంటే ఎక్కువ మైనం ఎక్కుతుంది. మంట ఊగుతుంది, గ్లాసు నల్లబడుతుంది, వత్తి కొసన పుట్టగొడుగులాంటి నల్లటి ముద్ద కడుతుంది. ఆ ముద్ద కనిపించిందంటే వత్తి లావు తగ్గించాల్సిందే.

పూజ వత్తులు వాడకండి. అవి ప్రమిదలో నూనెలో పడుకుని కాలడానికి చేసినవి. వేడి మైనంలో దూది విడిపోయి పక్కకు వాలిపోతుంది. కొన్న దారమైతే ముందు చిన్న ముక్క కాల్చి చూడండి. నూలు బూడిదవుతుంది, నైలాన్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. ఓసారి ఒక దుకాణంలో కాటన్ అని ఇచ్చిన దారాన్ని చూడకుండా నమ్మి ఇరవై గ్లాసులు పోశాను. అన్నీ మళ్లీ కరిగించాల్సి వచ్చింది.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తారు. అలాంటి నేతకు వాడే నూలే నాకు నచ్చుతుంది, కాకపోతే రంగు అద్దనిది కావాలి. దాన్ని మూడు పాయల జడగా బిగుతుగా అల్లండి. పేనితే చాలదా అంటే చాలదు. పాతకాలంలో పేనిన వత్తుల కొసలు మాటిమాటికీ కత్తిరించాల్సి వచ్చేది. 1825లో ఫ్రాన్స్‌కు చెందిన కాంబసెరెస్ అల్లిన వత్తి తెచ్చాక ఆ బాధ తగ్గింది. జడ కాలుతూ కొద్దిగా వంగి మంట అంచుకు వెళ్తుంది, అక్కడ దాని కొస దానంతటదే కాలిపోతుంది.

గ్లాసుడు వేడినీళ్లలో చెంచా ఉప్పు, రెండు చెంచాల వెలిగారం (బోరాక్స్) కలిపి జడను ఒక రోజు నానబెట్టండి. ఆ నీళ్లు పిల్లలకు అందకూడదు. రెండు రోజులు ఎండలో బాగా ఆరాక కరిగిన మైనంలో ముంచండి. సన్నటి బుడగలు వరసగా పైకి వస్తాయి. అవి ఆగేదాకా ఉంచి, తీసి, నిటారుగా లాగి పట్టుకోండి. ఆరాక పుల్లలా నిలబడాలి.

లావు ఎంత ఉండాలో లెక్కతో తేలదు, పరీక్షించాలి. పాయకు రెండేసి, మూడేసి, నాలుగేసి పోగులతో మూడు జడలు అల్లి, ఒకే మైనంతో మూడు గ్లాసులు పోయండి. ఒక రోజు ఆగి, వత్తులను ఆరు మిల్లీమీటర్లకు కత్తిరించి, ఫ్యాన్ ఆపి వెలిగించండి. దగ్గరే ఉండండి. మూడు గంటల్లో కరిగిన మైనం గ్లాసు అంచుదాకా చేరి, సుమారు సెంటీమీటరు లోతు ఉంటే అదే మీ వత్తి. గంటకే చేరి గ్లాసు కాలిపోతుంటే వత్తి లావైంది, ఆర్పేయండి. కుదిరిన దాన్ని రెండోసారి కూడా వెలిగించి చూశాకే నమ్మండి.

పోయిన ఏడాది కుదిరిన వత్తి ఈసారీ కుదురుతుందనుకోవద్దు. మన డబ్బాలో చేరిన ముక్కల్లో ఏ మైనం ఎంత ఉందో తెలియదు. రంగు, సువాసన కలిసినవాటికి ఇంకో లావు కావాలి. రంగు కోసం క్రేయాన్లు కలిపితే ఆ రంగు రేణువులు వత్తిలో అడ్డుపడతాయి, ఎంత లావు పెట్టినా లాభం ఉండదు.

పోయడం తేలికే. గ్లాసును గోరువెచ్చగా చేసి, వత్తి కింది కొసను నడుమ మైనం చుక్కతో అతికించి, పై కొసను వెదురు పుల్లకు కట్టండి. 70 డిగ్రీల దగ్గర పోయండి. గడ్డకట్టేటప్పుడు వత్తి చుట్టూ గుంట పడుతుంది, అక్కడ పుల్లతో గుచ్చి రెండోసారి నింపండి. మిగిలింది సింకులో పోస్తే పైపు మూసుకుపోతుంది, కాగితం గిన్నెలో గడ్డకట్టనివ్వండి. గ్లాసు అడుగున చీటీ అతికించి పాయకు ఎన్ని పోగులు వేశారో రాసిపెట్టండి.